బాపు మాట వింటే మేము చంపినట్టేనా?



క్రిందటి సంవత్సరం వానాకాలంలో మన ఆసుపత్రి ఆరోగ్య బృందం బీర్పూర్ వెళ్లినప్పుడు స్త్రీల కూటంలో బి.పి., షుగర్ గురించి నేను మాట్లాడాను. కూటం ముగిసి అందరూ వెళ్లిపోయారు. ఒక సోదరి మాత్రం చెప్పులు వేసుకొని కూడా వెళ్లకుండా గడప దగ్గర నిలబడింది. తన తండ్రికి ఆహార నాళానికి క్యాన్సర్ అని, కరెంటు పెట్టించడం కూడా అయిపోయిందని, రోగం కాలేయానికి పాకిందని డాక్టర్లు చెప్పారని చెప్పింది. తర్వాత ఇలా అడిగింది:

"సిస్టరమ్మా, బాపు ఇగ నన్ను దవాఖానకు తీస్కపోకుండ్రి అంటుండు. గొట్టాలు పెట్టియ్యకుండ్రి, ఇంట్లనే ఉంట అంటుండు. తమ్ముడేమో దుబాయ్ నుంచి ఫోన్ల ఏడుస్తుండు, ఎంత ఖర్చయినా సరే హైదరాబాద్ తీస్కపోండ్రి అంటుండు. బాపు మాట ఇంటే మేం సంపినట్టే అయితదా?"

ఈ ప్రశ్న ఆమె ఒక్కరిది కాదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుండి మన వార్డుకు వచ్చే కుటుంబాలు ఎన్నో ఇదే ప్రశ్నను మనసులో మోస్తుంటాయి. అడగడానికి భయపడతాయి. అందుకే ఈ సంచికలో దీనిని గురించి వివరంగా రాస్తున్నాను. ఆ సోదరి అనుమతితోనే ఆమె మాటలు రాశాను. ఎవరినీ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.

ముందుగా ఇరవై ఏండ్ల క్రితం మన హైదరాబాద్‌లో జరిగిన ఒక సంగతి చెప్పాలి.

వెంకటేష్ కోరిక

కొలవెన్ను వెంకటేష్ అనే యువకుడు చదరంగం ఆటగాడు. జాతీయ స్థాయిలో ఆడినవాడు. చిన్ననాటి నుండి అతనికి డుషెన్ మస్క్యులర్ డిస్ట్రఫీ అనే కండరాల క్షీణత వ్యాధి ఉంది.

ఈ వ్యాధి జన్యులోపం వల్ల వస్తుంది. కండరానికి బలమిచ్చే డిస్ట్రఫిన్ అనే మాంసకృత్తు శరీరంలో తయారు కాదు. ఎక్కువగా మగపిల్లలకే వస్తుంది. మూడు నుండి అయిదేండ్ల వయసులో పిల్లవాడు తరచుగా పడిపోతుంటాడు, మెట్లు ఎక్కలేడు, నేల మీద నుండి లేవాలంటే తన తొడల మీద చేతులు ఆనించి లేస్తాడు. పిక్కలు లావుగా కనబడతాయి కానీ వాటిలో బలం ఉండదు. పది పన్నెండేండ్లు వచ్చేసరికి చాలామంది చక్రాల కుర్చీకి పరిమితమవుతారు. ఆ తర్వాత ఊపిరి తీసే కండరాలు, గుండె కండరం కూడా బలహీనపడతాయి. చివరికి శ్వాస కోసం యంత్రం అవసరమవుతుంది. ఇప్పుడు స్టెరాయిడ్ మందులు, శ్వాస యంత్రాలు, ఫిజియోథెరపీ వల్ల ఆయుష్షు కొంత పెరిగింది గానీ పూర్తిగా నయం చేసే మందు లేదు.

శరీరం ఇలా తగ్గిపోతున్నా వెంకటేష్ ఆలోచనాశక్తికి లోటు రాలేదు. అందుకే అతడు చదరంగం ఆడగలిగాడు, తన సంగతి తాను ఆలోచించగలిగాడు. 2004లో, తన 25వ ఏట, అతడు హైదరాబాద్‌లోని ఒక ఆసుపత్రిలో యంత్రం సాయంతో ఊపిరి తీసుకుంటూ ఉన్నాడు. అప్పుడు తల్లి సుజాతగారితో తన కోరిక చెప్పుకున్నాడు. నేను ఎలాగూ బ్రతకను. నా అవయవాలు పాడైపోక ముందే యంత్రం తీసివేయండి. అవి పనికి వచ్చేవారికి ఇవ్వండి. అతని కోరిక సారాంశం ఇది.

ఆ తల్లి స్థానంలో మనల్ని మనం ఒక్క నిమిషం నిలబెట్టుకుందాం. పాతికేండ్లు ఎత్తుకొని, మోసి, తినిపించి, కంటికి రెప్పలా చూసుకున్న కొడుకు. వాడి ఊపిరి ఆపమని వాడి తరఫున అడగవలసి వచ్చింది. ఆమె అడిగింది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తలుపు తట్టింది. కొడుకు కోరిక తనకిష్టమా కాదా అనే లెక్క పక్కనబెట్టి, వాడి మాటగా దానిని కోర్టు ముందు ఉంచింది.

2004 డిసెంబరులో హైకోర్టు ఒప్పుకోలేదు. అప్పటికి మన దేశంలో అలా అనుమతించే చట్టం లేదు. అవయవదాన చట్టం కూడా ప్రాణమున్న మనిషి నుండి ప్రాణాధారమైన అవయవాలు తీయడానికి ఒప్పుకోదు. తీర్పు వచ్చిన కొద్ది సమయానికే, డిసెంబరు 17న వెంకటేష్ కన్నుమూశాడు. అతని కండ్లు దానం చేశారు. తన శరీరంలో చాలా భాగాలు ఇవ్వాలనుకున్నవాడు కండ్లు మాత్రమే ఇవ్వగలిగాడు.

తర్వాత ఈ కథ ఆధారంగా శ్రీకాంత్ మూర్తి ఒక నవల రాశారు. దాని ఆధారంగా 2022లో రేవతిగారి దర్శకత్వంలో 'సలామ్ వెంకీ' అనే హిందీ సినిమా వచ్చింది. సినిమా చూసి చాలామంది కన్నీరు పెట్టారు. కానీ ఒక నర్సుగా నాకు ఆ కథలో మిగిలిన ప్రశ్న వేరు. అతని కోరికలో ఏది న్యాయమైనది? ఏది చట్టం ఈనాటికీ ఒప్పుకోనిది? ఈ రెండూ విడదీసి చూడకపోతే బీర్పూర్ సోదరికి జవాబు చెప్పలేము.

చంపుట వేరు, ఆపుట వేరు

ప్రజలు "కారుణ్య మరణం" అనే ఒకే మాట కింద మూడు వేర్వేరు సంగతులు కలిపి మాట్లాడుతుంటారు.

మొదటిది: రోగి అడిగినా సరే, చావు కలిగించాలనే ఉద్దేశంతో సూది మందు ఇవ్వడం. ఇది మన దేశంలో నేరం. డాక్టరు చేసినా, నర్సు చేసినా, ఇంటివారు చేసినా నేరమే. ఆత్మహత్యకు సాయపడటం కూడా నేరమే. దీనిలో మార్పు రాలేదు.

రెండవది: బాగుపడే ఆశ లేని స్థితిలో, చావును కొంతకాలం వాయిదా వేయడమే తప్ప మేలు చేయని చికిత్సను మొదలుపెట్టకపోవడం, లేదా మొదలుపెట్టినదానిని ఆపివేయడం. వెంటిలేటరు, డయాలిసిస్, గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కడం వంటివి. ఇక్కడ మనిషిని తీసుకుపోయేది రోగమే. మనం దారికి అడ్డం నిలబడటం మానుతాము, అంతే. నిర్ణీత పద్ధతి ప్రకారం చేస్తే దీనిని చట్టం ఒప్పుకుంటుంది.

మూడవది: నొప్పి, ఆయాసం, వాంతులు, భయం తగ్గించే సేవ. దీనిని పాలియేటివ్ కేర్ అంటారు, తెలుగులో ఉపశమన సేవ. దీనికి ఏ కోర్టు అనుమతీ అవసరం లేదు. దీనిని ఎప్పుడూ ఆపకూడదు. చికిత్స ఆపినా సేవ ఆగదు. ఈ ఒక్క వాక్యం మీరు గుర్తుపెట్టుకుంటే చాలు.

వెంకటేష్ కోరికలో యంత్రం తీసివేయమన్నది రెండవ సంగతి. దానికి ఈ రోజు ఒక దారి ఉంది. ప్రాణం పోకముందే అవయవాలు తీయమన్నదానికి ఈ రోజు కూడా దారి లేదు. బ్రెయిన్ డెత్ అయినదని డాక్టర్ల బృందం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి ధృవీకరించిన తర్వాత, కుటుంబం ఒప్పుకుంటేనే గుండె, కాలేయం, మూత్రపిండాల వంటివి తీసుకుంటారు. మన రాష్ట్రంలో ఈ పని జీవన్‌దాన్ పథకం ద్వారా జరుగుతుంది. కండ్ల సంగతి వేరు. ఇంట్లో మామూలుగా చనిపోయినవారి కండ్లు కూడా దానం చేయవచ్చు. ఆరు గంటల లోపల తీసుకోవాలి. కాబట్టి వెంటనే నేత్రనిధికి ఫోన్ చేయాలి. ఫ్యాను ఆపి, కనురెప్పలు మూసి, వాటిపై తడి గుడ్డ ఉంచాలి. కళ్లజోడు పెట్టుకునేవారు, శుక్లాల ఆపరేషన్ అయినవారు కూడా సాధారణంగా ఇవ్వవచ్చు.

అరుణ సంగతి

నర్సులందరికీ తెలిసిన మరొక పేరు అరుణా శాన్‌బాగ్. ఆమె ముంబైలోని కె.ఇ.ఎం. ఆసుపత్రిలో నర్సు. 1973 నవంబరులో అదే ఆసుపత్రిలో ఆమెపై ఘోరమైన దాడి జరిగింది. మెదడుకు రక్తం అందక ఆమె స్పృహ సరిగా లేని స్థితిలోకి వెళ్లిపోయింది. 2015 మే 18న చనిపోయేవరకు, దాదాపు 42 సంవత్సరాలు, అదే ఆసుపత్రి మంచం మీద ఉంది.

ఆమెకు ఆహారం ఆపడానికి అనుమతించమని ఒక రచయిత్రి సుప్రీంకోర్టును అడిగారు. కె.ఇ.ఎం. నర్సులు, సిబ్బంది "మేము చూసుకుంటాము" అన్నారు. అన్నేండ్లూ ఆమె ఒంటి మీద పడక పుండు పడకుండా చూసినవారు వారు. పడక పుండు రాకుండా ఒక్క నెల చూడటం ఎంత కష్టమో మీ ఇంట్లో పక్షవాతం వచ్చినవారు ఉంటే మీకు తెలుసు. 2011 మార్చి 7న సుప్రీంకోర్టు అరుణ విషయంలో ఆ అభ్యర్థన ఒప్పుకోలేదు. అయితే అదే తీర్పులో, తగిన పరీక్షలు, హైకోర్టు అనుమతి ఉంటే చికిత్స ఆపవచ్చునని మొదటిసారి చెప్పింది.

ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూడండి. వెంకటేష్ తన మాట చెప్పగలిగాడు, అప్పుడు చట్టానికి దారి లేదు. అరుణ విషయంలో చట్టం దారి తెరిచింది, కానీ ఆమెకు ఏమి కావాలో ఎవరికీ తెలియదు. చెప్పే అవకాశం ఆమెకు రాలేదు. నోరు పనిచేస్తుండగానే మన మాట మనవారికి చెప్పాలని ఈ ఇద్దరూ మనకు నేర్పుతున్నారు.

ఇప్పుడు చట్టం ఏమంటున్నది?

2018 మార్చి 9న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కామన్ కాజ్ అనే సంస్థ వేసిన కేసులో తీర్పు ఇచ్చింది. రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో గౌరవంగా మరణించే హక్కు కూడా ఉన్నదని చెప్పింది. స్పృహలో ఉన్న పెద్దవారు తమకు చికిత్స వద్దనవచ్చును. ముందుగానే కాగితం మీద రాసి పెట్టుకోవచ్చును కూడా. దీనినే లివింగ్ విల్ అంటారు. ఆస్తి వీలునామా మనం పోయిన తర్వాత పనిచేస్తుంది. ఇది మనం బ్రతికి ఉండి మాట్లాడలేని స్థితిలో పనిచేస్తుంది.

మొదట పెట్టిన నియమాలు చాలా కష్టంగా ఉండేవి. మేజిస్ట్రేటు దగ్గర సంతకం కావలసి ఉండేది. 2023 జనవరి 24న సుప్రీంకోర్టు వాటిని సులభం చేసింది. ఇప్పుడు పద్ధతి ఇది:

1. వయసు 18 నిండి, మతి స్థిమితంగా ఉన్నవారు, ఎవరి బలవంతం లేకుండా రాయాలి.

2. ఏ స్థితిలో ఏ చికిత్స వద్దో స్పష్టంగా రాయాలి. "గొట్టాలు వద్దు" అని ఊరికే రాస్తే చాలదు. "బాగుపడే ఆశ లేదని డాక్టర్లు చెప్పిన తర్వాత వెంటిలేటరు పెట్టవద్దు, నొప్పి తగ్గించే మందులు మాత్రం ఇవ్వాలి" అన్నట్టుగా రాయాలి.

3. మన తరఫున మాట్లాడే వారి పేర్లు రాయాలి. ఒకరికంటే ఎక్కువమందిని రాయవచ్చు. కొడుకు గల్ఫ్‌లో ఉంటే, ఊళ్లో ఉండే బిడ్డ పేరు కూడా రాయడం మంచిది.

4. ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేయాలి. నోటరీ గానీ గెజిటెడ్ అధికారి గానీ ధృవీకరించాలి.

5. నకళ్లు పేరు రాసినవారికి, ఇంటి డాక్టరుకు ఇవ్వాలి. ఒక నకలు పంచాయతీ లేదా మున్సిపాలిటీలో దానికి నియమించిన అధికారికి అందజేయాలి.

6. మనసు మారితే ఎప్పుడైనా రాతపూర్వకంగా రద్దు చేసుకోవచ్చు, మార్చుకోవచ్చు.

ఈ కాగితం ఉన్నంత మాత్రాన ఎవరో వచ్చి వెంటనే యంత్రం ఆపరు. రోగి మాట్లాడలేని స్థితిలో, బాగుపడే ఆశ లేనప్పుడు, ఆసుపత్రి ఒక బోర్డు వేస్తుంది. అందులో చూస్తున్న డాక్టరు, కనీసం అయిదేండ్ల అనుభవమున్న మరో ఇద్దరు నిపుణులు ఉంటారు. వారు ఒప్పుకుంటే, వీరిలో లేని మరో బోర్డు మళ్లీ చూస్తుంది. దానిలో జిల్లా వైద్యాధికారి నియమించిన డాక్టరు ఒకరు ఉంటారు. ఒక్కొక్క బోర్డు వీలైతే 48 గంటలలో అభిప్రాయం చెప్పాలి. పేరు రాసిన కుటుంబ సభ్యుల సమ్మతి తీసుకుంటారు. ఆపే ముందు మేజిస్ట్రేటుకు తెలియజేస్తారు. కాగితం రాయని రోగి విషయంలోనూ దగ్గరి బంధువుల సమ్మతితో ఇదే పద్ధతి ఉంది. బోర్డు ఒప్పుకోకపోతే కుటుంబం హైకోర్టుకు వెళ్లవచ్చు.

ఇన్ని మెట్లు ఎందుకంటే, ఆస్తి కోసమో, ఖర్చు భారం వల్లనో ముసలివారిని వదిలించుకొనే ప్రమాదం ఉంది కాబట్టి. మనం మంచివారమే కావచ్చు. చట్టం అందరినీ దృష్టిలో పెట్టుకోవాలి. "నేను మీకు బరువైపోయాను, నన్ను వదిలేయండి" అని ముసలివారు అంటే అది కోరిక కాకపోవచ్చు. బాధ కావచ్చు, డబ్బు భయం కావచ్చు, మనోవ్యాధి కావచ్చు. ముందు ఆ బాధకు వైద్యం చేయాలి. ఆరోగ్యశ్రీ, పింఛను వంటివి ఏమైనా వస్తాయేమో చూడాలి. నొప్పి తగ్గిన తర్వాత కూడా, రెండు మూడుసార్లు, వేర్వేరు రోజులలో అదే మాట చెబితే అది వారి కోరిక.

నేను మరచిపోలేని ఒక రాత్రి

నేను డిప్లొమా ముగించి కొత్తగా వేరొక ఊళ్లో పనిచేస్తున్న రోజులలో ఒక పెద్దాయన ఉండేవాడు. మగ్గం పని చేసి చేసి నడుము వంగినవాడు. మూత్రపిండాలు పూర్తిగా చెడిపోయాయి. ముక్కులో గొట్టం వేస్తే పీకేసేవాడు. "బిడ్డా, చాలు, నన్ను ఇంటికి పంపు" అనేవాడు. అతని కొడుకులిద్దరిలో ఒకరు పంపిద్దామంటే, రెండవవాడు "ఊళ్లో నలుగురు ఏమంటారు" అన్నాడు. గొట్టం పీకకుండా అతని రెండు చేతులూ మంచానికి గుడ్డతో కట్టమన్నారు. కట్టినది నేనే. తెల్లవారుజామున అతడు పోయినప్పుడు ఆ చేతులు కట్టే ఉన్నాయి. మనవడు తాత చెయ్యి పట్టుకోవాలని వస్తే ముందు నేను ముడి విప్పవలసి వచ్చింది.

ఎవరూ చెడ్డవారు కాదు. ఆ కొడుకుకు తండ్రి మీద ప్రేమ ఉంది. నాకూ దయ ఉంది. కానీ ఆ పెద్దాయన మాటకు ఆ గదిలో చోటు లేదు. ముప్పై ఏండ్లకు పైగా గడిచినా ఆ ముడి నా వేళ్లకు గుర్తుంది. ఇప్పుడు నా దగ్గర పనిచేసే నర్సులకు ఒకటే చెబుతాను: రోగి "వద్దు" అన్నప్పుడు ముందు కుర్చీ వేసుకొని కూర్చోండి. ఎందుకు వద్దంటున్నాడో అడగండి. ఆ మాట కేస్‌షీటులో రాయండి. డాక్టరుకు చెప్పండి.

ఇంట్లో ఎలా మాట్లాడాలి?

మన ఇండ్లలో రోగం పేరు రోగికి చెప్పకుండా దాచడం అలవాటు. "ఆయనకు తెలిస్తే తట్టుకోలేడు" అంటాము. నా అనుభవంలో రోగికి చాలావరకు ముందే తెలిసి ఉంటుంది. మనం బాధపడతామని ఆయన, ఆయన బాధపడతాడని మనం, ఇద్దరమూ నటిస్తుంటాము. అప్పుల సంగతి, పొలం పట్టా సంగతి, అలిగి వెళ్లిన తమ్ముడి సంగతి, ఏదీ మాట్లాడుకోకుండానే కాలం అయిపోతుంది.

రోగిని ఒంటరిగా ఉన్నప్పుడు, నొప్పి తగ్గిన వేళ, మెల్లగా అడగండి: "డాక్టరు చెప్పినది నీకు ఎంతవరకు తెలిసింది బాపూ? నీకు అన్నిటికంటే ఏది ముఖ్యం? ఏది జరగకూడదని భయపడుతున్నావు?" అడిగి ఊరుకోండి. తొందరపడి "నీకేం కాదు" అని నోరు మూయించకండి.

దూరంలో ఉన్న పిల్లలను మొదటి నుండి కలపండి. గల్ఫ్‌లో ఉన్న కొడుకు చివరి రోజున "హైదరాబాద్ తీసుకపోండి" అని పట్టుబట్టేది తండ్రి చిక్కిపోవడం వాడు కండ్లారా చూడలేదు కాబట్టి. దగ్గర లేకపోయానన్న బాధ కూడా వాడిని అలా మాట్లాడిస్తుంది. వాడిని తప్పుపట్టవద్దు. వీడియో కాల్‌లో డాక్టరుతో మాట్లాడించండి. తండ్రి తన నోటితో తానే కొడుకుకు చెప్పేటట్టు చేయండి. అన్నదమ్ముల మధ్య ఆ తర్వాత ఏండ్ల తరబడి జరిగే గొడవ ఆ ఒక్క కాల్‌తో ఆగుతుంది.

ఇంటి దగ్గర చివరి రోజుల సేవ

మన ప్రాంతంలో ఆశ లేదనగానే సంతకం పెట్టి, ఊపిరి ఉండగానే బండిలో ఇంటికి తీసుకుపోతారు. చాలాసార్లు చేతిలో ఒక్క నొప్పి మాత్ర కూడా ఉండదు. ఇది గౌరవమైన మరణం కాదు. ఇంటికి తీసుకుపోయే ముందు డాక్టరును, నర్సును ఇవి అడగండి: నొప్పికి ఏ మందు? ఆయాసానికి ఏమి చేయాలి? రాత్రి ఇబ్బంది వస్తే ఎవరికి ఫోన్ చేయాలి?

నొప్పి: క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ మాత్రలు మంచి మందు. మార్ఫిన్ అంటే మత్తు, అలవాటు, తొందరగా చావు అని భయపడతారు. డాక్టరు చెప్పిన మోతాదులో వాడితే అది ప్రాణం తీయదు. నొప్పి వచ్చేదాకా ఆగకుండా గడియారం ప్రకారం ఇవ్వాలి. మలబద్ధకం తప్పకుండా వస్తుంది కాబట్టి దానికి మందు మొదటి రోజు నుండే వాడాలి. ఈ మందు సులభంగా దొరకడానికి 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించారు. హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఉపశమన సేవా విభాగం ఉంది. మన రాష్ట్రంలో జిల్లాలలో కూడా ఉపశమన సేవా కేంద్రాలు ఏర్పడ్డాయి. జిల్లా ప్రభుత్వ దవాఖానలో అడిగి తెలుసుకోండి.

ఆహారం: అన్నిటికంటే ఎక్కువ ఏడిపించేది ఇదే. "తినక చచ్చిపోతున్నాడు" అనుకుంటాము. నిజానికి చివరి రోజులలో శరీరం ఆగిపోతున్నది కాబట్టి ఆకలి ఉండదు. బలవంతంగా పోస్తే ఊపిరితిత్తులలోకి పోయి ఆయాసం, దగ్గు పెరుగుతాయి. అడిగితే చెంచాతో కొద్దిగా ఇవ్వండి. వద్దంటే ఆపండి. నోరు ఎండకుండా గంటకొకసారి తడి గుడ్డతో తుడిచి, పెదవులకు కొద్దిగా నూనె రాయండి.

పడక: రెండు గంటలకొకసారి పక్క తిప్పండి. దుప్పటి ముడతలు లేకుండా చూడండి. తడిసిన బట్టలు వెంటనే మార్చండి. మార్చేటప్పుడు తలుపు వేయండి. మనిషి పరువు మాటలలో కంటే ఇటువంటి పనులలో ఎక్కువగా నిలుస్తుంది.

ఊపిరి: చివరి గంటలలో ఊపిరి కొంతసేపు ఆగి మళ్లీ వస్తుంది. గొంతులో గురగుర శబ్దం వస్తుంది. చేతులు, పాదాలు చల్లబడతాయి. చూసేవారికి భయంగా ఉంటుంది గానీ రోగికి దానివల్ల బాధ ఉండకపోవచ్చు. ఒక పక్కకు తిప్పి తల కొంచెం ఎత్తుగా పెట్టండి. వినికిడి చివరిదాకా ఉండవచ్చు కాబట్టి మంచం దగ్గర గొడవలు, అంత్యక్రియల లెక్కలు మాట్లాడకండి. పేరు పెట్టి పిలవండి, చెయ్యి పట్టుకోండి.

ఇది పాపమా?

సంఘంలో చాలామంది ఈ ప్రశ్న అడుగుతారు. ప్రాణం దేవునిది, దానిని తీసే అధికారం మనకు లేదు. దానిలో నాకు సందేహం లేదు. కానీ తిరిగి వెళ్లే వేళ వచ్చిన మనిషిని యంత్రాలతో కట్టిపడేసే అధికారం కూడా మనకు ఎవరూ ఇవ్వలేదు. గెత్సేమనే తోటలో ప్రభువు తన స్నేహితులను అడిగినది తనతో కూడ మెలకువగా ఉండుమని మాత్రమే. వారు నిద్రపోయారు. చనిపోతున్న మనిషి కూడా మనల్ని ఎక్కువసార్లు అడిగేది అదే. మందు అడగడం తక్కువ, దగ్గర ఉండమని అడగడం ఎక్కువ.

బీర్పూర్ సోదరికి నేను ఇచ్చిన జవాబు ఇది: "లేదు బిడ్డా. ఆయనకు స్పృహ ఉంది, ఆలోచన ఉంది. రోగం నయం కాదని డాక్టర్లు చెప్పారు. ఆయన వద్దనే హక్కు ఆయనకు ఉంది. ఆయన మాట వింటే మీరు చంపినట్టు కాదు. కానీ మాట విని ఊరికే మంచం మీద వదిలేస్తే తప్పు. నొప్పికి మందు ఇప్పిద్దాం, ఇంట్లోనే చూసుకుందాం. ముందు మీ తమ్ముడితో ఆయననే మాట్లాడించండి."

మరుసటి ఆదివారం తండ్రి ఫోన్‌లో కొడుకుతో మాట్లాడాడు. కొడుకు చాలాసేపు ఏమీ అనలేదట. తర్వాత "అయితే నేనే వస్త బాపూ" అన్నాడట. హైదరాబాద్ ఆసుపత్రికి కట్టాలనుకున్న డబ్బుతో టికెట్ కొనుక్కొని వచ్చాడు. పదకొండు రోజులు తండ్రి దగ్గర ఉన్నాడు. మన బృందం నర్సు రెండుసార్లు వెళ్లి మార్ఫిన్ మోతాదు చూసి, పక్క ఎలా తిప్పాలో అతనికి నేర్పింది. చివరి రోజు పొద్దున ఆ పెద్దాయన చాయ అడిగాడు. కొడుకు రెండు చెంచాలు తాగించాడు. మూడవది వద్దన్నాడు. కొడుకు చెంచా పక్కన పెట్టాడు.

ప్రియులారా, ఈ పత్రిక చదివిన తర్వాత ఈ వారంలో మీ ఇంటి పెద్దవారితో ఒక్కసారి కూర్చొని మాట్లాడండి. వారు ఆరోగ్యంగా ఉన్నా సరే మాట్లాడండి. మీ కోరిక కూడా వారికి చెప్పండి. కాగితం రాయాలనుకునేవారు, ఇంట్లో చివరి దశ రోగి ఉన్నవారు మన ఆసుపత్రి నర్సింగ్ ఆఫీసుకు రండి. ఏమి రాయాలో, ఎలా చూసుకోవాలో చెబుతాము. రావడానికి వీలు లేకపోతే మీ సంఘ కాపరి ద్వారా కబురు పంపండి.

ప్రభువు మీ కుటుంబములకు తోడైయుండునుగాక.

నర్సింగ్ సూపరింటెండెంట్